అక్కుపల్లి రాముడి నీలం

బంగారయ్యకు కోపం వస్తే ఇంట్లో పిల్లి కూడా వీధిలోకి పోయేది. ఆ కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు గానీ, నిలిచినంతసేపు ఇల్లు పీకి పందిరి వేసేవాడు. మనిషి మంచివాడే. రంగుల విషయం వచ్చేసరికే మంచితనం ఎక్కడికో పోయేది.

ఆయన పలాసకు తూర్పున ఒక చిన్న ఊళ్ళో దేవుడి బొమ్మలకి రంగులు వేసేవాడు. వాహనాలు, రథం చెక్కలు, గుడి గోడలు, పల్లకీలు, ఏది తెచ్చినా కాదనేవాడు కాదు. బజారు రంగు వాడమంటే మాత్రం తెచ్చినవాణ్ణి గుమ్మం దిగేదాకా తిట్టేవాడు. అప్పటికి రైలు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. పలాస అంగళ్ళలోకి డబ్బాల రంగులు దిగుతున్నాయి. బట్టలకు పెట్టే నీలిమందునే బంకలో కలిపి ఊరూరా కృష్ణులకి, రాముళ్ళకి పూసేస్తున్నారు. ఒక వానాకాలం గడిస్తే ఆ దేవుళ్ళంతా వెలిసిపోయి దిగాలుగా నిలబడేవారు.

"ఆడు రాముడేటి? సాకిరేవులో ఆరేసిన పంచె!" అనేవాడు బంగారయ్య.

అసలు నీలం రాతిలో ఉంటుందని ఆయనకు తండ్రి చెప్పాడు. పూర్వం ఉత్తరాది వర్తకులు తెచ్చేవారట. ఆ రాతిని నూరి తండ్రి ఒకే ఒక్క గోడ మీద పూశాడు. ఆ గోడ కూలేదాకా నీలం చెక్కుచెదరలేదు. వర్తకులు రావడం మానేశాక ఆ రాయి మాటే లోకం మరిచిపోయింది, బంగారయ్య తప్ప. అలాంటిది, ఆ ఏడాది చలికాలం మొదట్లో సుమ్మాదేవి దగ్గర రైలు పట్టాలకి కంకర కొట్టే దానయ్య మేస్త్రి, పాత గుడ్డలో ఒక రాతిముక్క కట్టి తెచ్చి ఆయన అరుగు మీద పెట్టాడు.

"కొండ సెక్కుతుంటే తగిలింది బావూ. నీకు పనికొత్తాదేమోనని తెచ్చినాను."

బంగారయ్య దాన్ని నాలుకతో తడిపి, ఎండలో పట్టుకుని, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి భార్యకు చూపించాడు. "ఇది అదేనేటే?" అని అడిగాడు. సింహాచలమ్మ చూసింది. బూడిదరంగు రాతి మీద వేలిమందాన నీలం పేరుకుని ఉంది. ఆ నీలం చూస్తే ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది. "అదే అయ్యుంటాది మావా. ఇంత నీలం నానెక్కడా సూళ్ళేదు" అంది.

ఆయన అడిగిన తీరుకే ఆమెకు దిగులేసింది. ఒకప్పుడైతే రంగు గురించి ఆయన ఎవరినీ అడిగేవాడు కాదు.

వయసు మీద పడ్డ మనిషికి చూపు మందగించడం వింతేమీ కాదు. దూరపు మనుషులు మసకగా కనిపిస్తున్నారని బంగారయ్యే ఒప్పుకునేవాడు. కానీ రంగుల సంగతి వేరు. "నీలానికీ పచ్చకీ తేడా తెలీనినాడు కుంచె పొయ్యిలో పెట్టేత్తాను" అని వయసులో ఉన్నప్పటినుంచీ పదిమందిలో అంటూ వచ్చాడు. ఆ మాటకు వీధి వీధంతా నవ్వేది, సింహాచలమ్మ కూడా నవ్వేది. రెండేళ్ళుగా ఆమె నవ్వడం లేదు. ఒకనాడు ఆయన నీలం గిన్నె చేత్తో పట్టుకునే "నీలం ఏదే, ఎక్కడెట్టినావు?" అని కేకలేశాడు. ఆరోజునుంచి ఆమె నీలాన్ని ఎప్పుడూ ఎడం పక్కన, పచ్చని కుడి పక్కన పెట్టడం మొదలెట్టింది. ఇల్లాలికి ముసలితనంలో పొందిక వచ్చిందని ఆయన మురిసిపోయాడు.

ఆమె భయం ఆమెది. ఆమె మామగారు కూడా ఇలాగే ఒకరోజు కుంచె పక్కన పెట్టేశాడు. మంచమెక్కినవాడు మళ్ళీ దిగలేదు. రోగం లేదు, నొప్పి లేదు. పని లేక పోయాడు, అంతే. బంగారయ్యదీ అదే రక్తం. తనకు తేడా తెలియడం లేదని ఆయనకు తెలిసిన రోజు తనకు మొగుడు మిగలడని సింహాచలమ్మ గట్టిగా నమ్మింది. ఆ రోజు రాకుండా చూడడమే ఇక ఆమె బతుకైపోయింది.

ఆ చలికాలమంతా ఇద్దరూ బండి కట్టించుకుని సుమ్మాదేవి వెళ్ళి వచ్చేవారు. కూలీలు కంకర కొట్టి వదిలేసిన గుట్టల్లో కూర్చుని, చిన్న ఉలితో నీలం పేరుకున్న పెచ్చుల్ని ఒలుచుకునేవారు. ఆ రాతితో ఒక చిక్కుంది. నీలం ఉన్నచోటే పచ్చ కూడా ఉంటుంది, కవల పిల్లల్లా అంటుకుని. పచ్చముక్క కాస్త కలిసినా నీలం మురికిపడుతుంది. ఇంటికి తెచ్చాక బంగారయ్య వాకిట్లో చాప వేసుకుని, ఒక్కో పెచ్చు ఎత్తి చూసి, ఇటు నీలం అటు పచ్చ అని రెండు కుప్పలు పోసేవాడు. ఎంతో తృప్తిగా పోసేవాడు. ఆయన స్నానానికి లేచి వెళ్ళగానే సింహాచలమ్మ వచ్చి ఆ రెండు కుప్పల్నీ మళ్ళీ ఏరేది. అటుది ఇటు, ఇటుది అటు. ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది.

మాఘమాసంలో అక్కుపల్లి నుంచి ఢిల్లీరావు వచ్చాడు. అక్కడి చేపలవాళ్ళకి పెద్ద. తీరంలో పాకగుడి కట్టుకున్నారు, కర్రతో రాముణ్ణి చెక్కించుకున్నారు. నడుమెత్తు విగ్రహం, బండి మీద గడ్డిలో పడుకోబెట్టి తెచ్చారు.

"మా సంద్రం రంగు ఎయ్యాల బావూ" అన్నాడు ఢిల్లీరావు.

బంగారయ్య ముఖం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కూర్చున్నట్టు, "ఏత్తాను. ఈ ఒక్క రాముడికి ఏసినాక ఇంక నాకేటీ అక్కర్లేదు" అన్నాడు. పక్కనే ఉన్న సింహాచలమ్మకు ఆ చివరి మాట నచ్చలేదు.

నూరడంలో ఆయన్ని మించినవాడు లేడు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఈ నీలిరాయి పసుపు లాంటిది కాదు. మెత్తగా నూరితే వెలవెలబోతుంది, బూడిదలా తేలిపోతుంది. పలుకుపలుకుగా ఉంటేనే అందులో రంగు నిలుస్తుంది. ఆ పలుకు ఎంత ఉండాలో కంటికి తెలియదు, వేళ్ళకే తెలుస్తుంది. బంగారయ్య రోట్లో నెమ్మదిగా దంచి, సానరాతి మీద రెండు తిప్పులు తిప్పి, చిటికెడు తీసి బొటనవేలితో రాసి చూసేవాడు. మూకుట్లో నీళ్ళు పోసి కలిపి, పైకి తేలిన తెల్లటి నీటిని ఒంచేసేవాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఒంచడం. చివరికి అడుగున బరువుగా కూర్చున్నదే నీలం. దాన్ని వెలగ బంకలో కలిపి, సుద్ద పూసి ఎండబెట్టిన కర్ర మీద పూత మీద పూత వేశాడు.

ఆఖరి పూత ఆరిన ఉదయం రాముణ్ణి వాకిట్లో నిలబెట్టారు. మెరుపు లేదు, జిగి లేదు. పుప్పొడి అద్దినట్టు పొడిగా, లోతుగా ఉంది ఆ నీలం. సింహాచలమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఎలగున్నాది?" అన్నాడు బంగారయ్య.

"నీలంగా ఉన్నాది మావా." రెండేళ్ళలో మొదటిసారి ఆ మాట అనడానికి ఆమె తడబడలేదు.

నవమికి వారం ఉందనగా ఢిల్లీరావు మనుషులు వచ్చి స్వామిని మోసుకెళ్ళారు. కళ్ళు మాత్రం దిద్ది తెరిపించలేదు. అది పండుగ ముందురోజు గుళ్ళోనే, రంగులు వేసిన చేత్తోనే జరగాలి. పంపేముందు బంగారయ్య మరీ మరీ చెప్పాడు. "నీళ్ళు తగలనివ్వొద్దు. సంద్రపు గాలి తడి కూడా తగలనివ్వొద్దు. బంక కరిగిపోతాది, తరవాత నన్నని లాభం నేదు." నీళ్ళ గురించి అన్ని జాగ్రత్తలూ చెప్పాడు. ఇంకొకటి చెప్పాలని ఆయనకు తట్టలేదు. ఆయన ఊళ్ళో ఎవరూ చెయ్యని పని గురించి ఆయనకెలా తడుతుంది?

నవమి ముందురోజు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. కొబ్బరితోటల చివరికి వచ్చేసరికి ఇసకలో చక్రాలు దిగబడి బండి ఆగిపోయింది. అక్కడినుంచి మొగలి పొదల మధ్య నడక. బంగారయ్య కర్ర పోటేసుకుంటూ, ఇసకని తిట్టుకుంటూ వెనక వస్తున్నాడు. రంగుల బుట్ట పట్టుకుని సింహాచలమ్మ ముందు నడిచింది. ఢిల్లీరావు భార్య నూకమ్మ ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా వొదినా, బేగి రా! మా రాముడికి ఎంత నిగారింపు వచ్చినాదో సూద్దువు గాని!"

పాకలోకి అడుగుపెట్టిన సింహాచలమ్మ బుట్ట కింద పెట్టడం మరిచిపోయింది. ముఖం నీలంగానే ఉంది. మెడ కిందనుంచి పాదాలదాకా ఒళ్ళంతా నల్లటి పచ్చ, పాచి పట్టిన రాయిలా. మెడ దగ్గర ఆ రెండు రంగులూ గీత గీసినట్టు విడిపోయి ఉన్నాయి.

"ఏటి సేసినావు నూకమ్మా?"

"నూనె రాసినాను. బావు నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు గదా! మా పడవలకి మేం సేసేదదే. నూనె తాగిన సెక్కకి నీళ్ళంటవు. సొరసేప నూనె సామికి బాగోదని, కొత్త కొబ్బరి నూనె నా సేత్తో తీసి రాసినాను. పాపం, ఒళ్ళంతా ఎండిపోయి ఉన్నాడు వొదినా, సూత్తుంటే నా కడుపు తరుక్కుపోయింది. కళ్ళు తెరవని సామి మొకం ముట్టుకోకూడదని మెడదాకానే రాసినాను." సింహాచలమ్మ ముఖం చూసి ఆమె గొంతు తగ్గింది. "రంగు కొంచెం మారినాది. తడి సెక్క నల్లబడదేటి? ఆరితే వచ్చేత్తాది గదా?"

"రాదు నూకమ్మా. ఈ నీలం నూనె తాగితే మరి తిరిగి రాదు."

నూకమ్మ ఉన్నచోటే చతికిలబడిపోయింది. ఢిల్లీరావు పరుగున వచ్చి చూసి, నెత్తి పట్టుకున్నాడు. బంగారయ్య కోపం గురించి ఆ తీరమంతటికీ తెలుసు. "ఆడదాన్ని ఏటీ అననివ్వను. నానే కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. వాళ్ళకి ఉన్న భయమల్లా ఆయన కేకలేస్తాడని. సింహాచలమ్మ భయం అది కాదు. ఆయన కేకలేస్తే బాగుండునని ఆమె లోపల్లోపల దండం పెట్టుకుంది. వాకిట్లో ఆయన ఇసకని తిట్టడం వినిపించింది.

బంగారయ్య లోపలికి వచ్చాడు. చెమట తుడుచుకుని, విగ్రహం ఎదురుగా నిలబడి, తల ఒకసారి ఇటు వంచి, ఒకసారి అటు వంచి చూశాడు. దగ్గరగా వెళ్ళి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు విచ్చుకుంది.

"ఏరా ఢిల్లీరావూ, ఎలగున్నాడు మీ రాముడు? మీ సంద్రం రంగు కాదేటి?"

ఢిల్లీరావు నోరు తెరిచి సింహాచలమ్మ వైపు చూశాడు. అవునను అన్నట్టు ఆమె కళ్ళతోనే బతిమాలింది.

"అవును బావూ" అన్నాడు ఢిల్లీరావు.

నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. భక్తితో ఏడుస్తోందనుకుని బంగారయ్య, "సాల్లేమ్మా, సాల్లే. ఆనందం పండక్కి దాసుకో" అని ఓదార్చాడు. గండం గడిచిందని ఢిల్లీరావు ఊపిరి పీల్చుకున్నాడు. సింహాచలమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. పక్కపక్కనే నీలమూ పచ్చా కనబడుతుంటే, ఆ మనిషికి రెండూ ఒక్కటే అయిపోయాయి. ఇంతదాకా వచ్చిందని ఆమె కూడా అనుకోలేదు.

బంగారయ్య వంగి స్వామి పాదాలకి దండం పెట్టుకున్నాడు. వేళ్ళు జారాయి. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా లేచి, వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కొబ్బరి నూనె" అన్నాడు.

నూకమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఒళ్ళంతా రాసినారా?"

"మెడదాకా రాసినాను బావూ" అంది నూకమ్మ. "తప్పయిపోనాది. నన్ను కొట్టినా పడతాను."

బంగారయ్య ఆమె మాట వినిపించుకున్నట్టు లేదు. "నూనె పడితే ఈ నీలం ఉండదు. మా నాయిన నెత్తి మీద మొట్టి మరీ సెప్పినాడు. పచ్చబడతాది, నల్లబడతాది" అని తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. విగ్రహం మెడ మీద వేలు పెట్టి పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "మెడ దగ్గర గీత ఉండాల. ఉండాలి గదా మరి. నాకేటి అగుపించడం నేదు?"

"సంద్రం లోపలికి ఎల్తే ఈ రంగే ఉంటాది బావూ. ఒడ్డునుంచి సూత్తేనే నీలం" అని ఢిల్లీరావు ఏదో సర్దబోయాడు.

"నోర్ముయ్యరా!" అన్నాడు బంగారయ్య. ఆరోజు ఆయన కోపం అంతే, ఆ ఒక్క మాట. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నీకు అగుపిత్తందేటే, గీత?"

సింహాచలమ్మ నాలుక మీదికి అబద్ధం వచ్చేసింది. బంక చిక్కగా వేశావు, నూనె పట్టలేదు, రంగు అలాగే ఉంది అనేస్తే సరిపోతుంది. రెండేళ్ళుగా అలాంటివి ఎన్ని చెప్పింది, ఇది ఒక లెక్కా? కానీ ఆయన వేళ్ళు ఇంకా నూనెతో మెరుస్తున్నాయి. ఆ వేళ్ళని చూస్తూ ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"అగుపిత్తంది మావా."

"ఎప్పట్నించి ఇలగ?"

"నీకు తెలీడం నేదని నాకు తెలిసి రెండేళ్ళయింది."

"మరి రాళ్ళు ఏరినాను గదా?"

"ఏరినావు. నువ్వు తానానికి ఎల్లినాక నాను మళ్ళీ ఏరినాను."

బంగారయ్య ఇసకలో కూర్చుండిపోయాడు. ఆయన అంత చిన్నగా ఎప్పుడూ కనిపించలేదు. ఢిల్లీరావు, నూకమ్మ చూపులు తిప్పుకున్నారు. బంగారయ్య, "అయితే పెట్టేయాల. కుంచె పొయ్యిలో పెట్టేయాల. అన్న మాట అన్న మాటే" అన్నాడు.

ఆ మాట వినకూడదనే సింహాచలమ్మ రెండేళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాసింది. తీరా విన్నాక ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో పరాయివాళ్ళ ముందు గొంతెత్తని మనిషి, పాక దద్దరిల్లేలా అరిచింది.

"పెట్టు! నీ కుంచె నీ ఇష్టం, పెట్టుకో! మరి నా కళ్ళు ఏ పొయ్యిలో పెట్టమంటావు? రెండేళ్ళ బట్టీ నీలం సూసినదాన్ని నాను. నువ్వు నూరినావు, నాను ఏరినాను. నువ్వు పూసినావు, నాను గిన్నె అందించినాను. ఆ మొకం మీద ఇంకా నీలం ఉన్నాది మావా. నీకు అగుపించదు, నాకు అగుపిత్తంది. అలాంటి నీలం నా జన్మలో సూళ్ళేదు. అది నీ ఒక్కడిదేటి, పొయ్యిలో పెట్టేత్తాననడానికి?"

నూకమ్మ ఏడుపు ఆగిపోయింది. బంగారయ్య తలెత్తి భార్యకేసి చూశాడు. కోప్పడే హక్కు ఆ ఇంట్లో తన ఒక్కడిదేనని ఆయన అంతదాకా అనుకున్నాడు. సింహాచలమ్మ ఒగరుస్తూ నిలబడింది.

"మొకం నీలంగానే ఉన్నాదా?" అని అడిగాడు చివరికి.

"నీలంగానే ఉన్నాది."

"గీత ఎంత మందం?"

"నూలుపోగంత. కుడి పక్కన కొంచెం వంకర పోయినాది."

"మెడలో హారం ఏత్తే కప్పడిపోతాదా?"

సింహాచలమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. గుమ్మం దగ్గరికి వచ్చి అక్కడినుంచి చూసింది. "కప్పడిపోతాది" అంది.

"ఏ రంగు?"

పెళ్ళయిన నాటినుంచి ఆయన ఆమెను కూర ఏం చేశావని అడిగాడు, బండి వచ్చిందా అని అడిగాడు, గిన్నెలెక్కడ పెట్టావని అడిగాడు. ఏ రంగు వెయ్యాలని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమె మళ్ళీ వెళ్ళి విగ్రహం చుట్టూ తిరిగి చూసింది.

"ఎరుపు ఏత్తే ఆ పచ్చ పక్కన మాడిపోతాది మావా. పసుపు ఎయ్యి."

"నూకమ్మా, పొయ్యిలో బూడిద జల్లించి తే" అన్నాడు బంగారయ్య. నూకమ్మ లేచి పరుగెత్తింది. ఆమె తెచ్చిన బూడిదని మెడ చుట్టూ అద్ది, వేళ్ళతో రుద్ది, నూనె లాగేశాడు. వేలు జారకుండా ఆగేదాకా రుద్దాడు. ఆ పనికి ఆయనకు కళ్ళు అక్కర్లేదు. తర్వాత చిప్పలో హరిదళం అనే పసుపురాతి పొడి పోసి, కాస్త తెలుపు, కాస్త బంక చేర్చి కలిపి, ఆ చిప్పని భార్య ముందుకు చాపాడు.

"సూడు."

"తెల్లగా ఉన్నాది. ఇంకొంచెం పసుపు."

ఆయన చిటికెడు వేసి కలిపాడు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

మరో చిటికెడు వేశాడు. ఆమె చిప్పని వెలుతురులోకి తీసుకెళ్ళి చూసి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"సాలు మావా" అంది. ఆయన కుంచె ముంచాడు.